హఠాత్తుగా వచ్చే వాపు – గుర్తించడం ఎలా? చేయవలసింది ఏమిటి?

"ఆరోగ్యమే మహాభాగ్యం" అని పెద్దలు చెబుతారు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు మన ఆరోగ్యాన్ని అమ్మ, అవ్వ కనిపెట్టుకుని ఉంటారు. ముఖం కాస్త ఉబ్బినా "ఏమైంది నాయనా?" అని అడుగుతారు. హాస్టల్లో అలా కాదు. అర్ధరాత్రి ఒకరి పెదవులు వాచిపోతే మొదట చూసేది పక్క చాప మీద పడుకున్న స్నేహితుడే. ఆ స్నేహితుడికి విషయం తెలిసి ఉంటే ఒక ప్రాణం నిలుస్తుంది. తెలియకపోతే "తెల్లవారితే తగ్గిపోతుందిలే" అని ఇద్దరూ పడుకుంటారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో యాంజియోఎడీమా అనే హఠాత్తు వాపును గురించి తెలుసుకుందాం.

యాంజియోఎడీమా అంటే ఏమిటి?

గ్రీకు భాషలో "యాంజియో" అంటే నాళం, "ఎడీమా" అంటే వాపు. చర్మం లోపలి పొరల్లోకి రక్తనాళాల నుండి నీరు ఊరడం వల్ల కొద్ది నిమిషాల్లో గానీ, కొద్ది గంటల్లో గానీ వచ్చే వాపును యాంజియోఎడీమా అంటారు. చర్మం వదులుగా ఉండే చోట్ల ఇది ఎక్కువగా వస్తుంది. కనురెప్పలు, పెదవులు, నాలుక, గొంతు, చేతులు, పాదాలు, మర్మావయవాలు దీనికి ముఖ్యమైన స్థానాలు. ఒక్కోసారి పేగుల గోడలు కూడా వాస్తాయి. అప్పుడు బయటికి ఏమీ కనిపించదు, కడుపునొప్పి, వాంతులు మాత్రం ఉంటాయి.

దద్దుర్లు మనందరికీ తెలిసినవే. అవి చర్మం పైపొరలలో వస్తాయి, ఎర్రగా ఉంటాయి, బాగా దురద పెడతాయి. యాంజియోఎడీమా అదే చర్మంలో ఇంకా లోతున వస్తుంది. అందువల్ల గట్లు గట్లుగా కాకుండా మొత్తంగా ఉబ్బినట్టు కనిపిస్తుంది. వేలితో నొక్కితే సాధారణంగా గుంట పడదు. మామూలుగా ఒకటి నుండి మూడు రోజుల్లో మచ్చ లేకుండా తగ్గిపోతుంది.

మరి తగ్గిపోయేదానికి భయమెందుకు? కనురెప్ప వాస్తే కన్ను రెండు రోజులు మూసుకుపోతుంది, అంతే. గొంతు వాస్తే ఊపిరి దారి మూసుకుపోతుంది. వాపు ఒకటే అయినా, అది ఉన్న చోటును బట్టి ప్రమాదం మారుతుంది. ఈ పాఠంలో మొదట గుర్తుంచుకోవలసిన మాట ఇదే.

శరీరంలో ఏం జరుగుతుంది?

చెరువు కట్ట గట్టిగా ఉన్నంతసేపు నీళ్ళు చెరువులోనే ఉంటాయి. కట్ట గుల్లబారితే కింది పొలాల్లో ఊట పడుతుంది. మన రక్తకేశనాళికల గోడలు కూడా ఆ కట్ట లాంటివే. వాటి కణాల మధ్య సందులు పెరిగితే ప్లాస్మా బయటికి ఊరి చుట్టుపక్కల కణజాలం ఉబ్బుతుంది. ఆ సందులు పెరగడానికి ముఖ్యంగా రెండు రసాయనాలు కారణం. ఒకటి హిస్టమిన్, రెండవది బ్రాడికైనిన్.

1) హిస్టమిన్ వల్ల వచ్చే వాపు: మన చర్మంలో, శ్వాసమార్గంలో, పేగుల్లో మాస్ట్ కణాలు ఉంటాయి. వీటి నిండా హిస్టమిన్ సంచులు ఉంటాయి. కొందరి శరీరం ఏదో ఒక ఆహారాన్నో, మందునో, తేనెటీగ విషాన్నో శత్రువుగా పొరబడి దాని మీద ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి మాస్ట్ కణాల మీద కూర్చుని ఎదురుచూస్తాయి. అదే పదార్థం మళ్ళీ లోపలికి రాగానే మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను ఒక్కసారిగా వదులుతాయి. ఇదే అలర్జీ. ఈ రకంలో వాపుతో పాటు దద్దుర్లు, దురద ఉండడం సాధారణం.

2) బ్రాడికైనిన్ వల్ల వచ్చే వాపు: ఇందులో దద్దుర్లు ఉండవు, దురద ఉండదు. నెమ్మదిగా గంటల తరబడి పెరుగుతుంది, రెండు నుండి ఐదు రోజులు ఉండవచ్చు. దీనికి అలర్జీ మందులు పనిచేయవు. కొన్ని బీపీ మాత్రల వల్ల గానీ, వంశపారంపర్యంగా గానీ ఇది వస్తుంది.

కొంచెం చరిత్ర

ఈ వాపును 1882లో జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్విన్కే వివరంగా వర్ణించాడు. అందువల్ల చాలాకాలం దీనిని "క్విన్కే వాపు" అన్నారు. 1888లో విలియం ఆస్లర్ అనే వైద్యుడు ఒకే కుటుంబంలో తరతరాలుగా ఈ వాపు రావడాన్ని గమనించి వంశపారంపర్య రకాన్ని వివరించాడు. దానికి కారణం సీ1 ఇన్హిబిటర్ అనే ప్రోటీన్ లోపమని 1963లో డోనాల్డ్‌సన్, ఇవాన్స్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు.

అలర్జీ వైపు కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చార్లెస్ రిషే, పాల్ పోర్టియర్ సముద్రజీవుల విషం మీద ప్రయోగాలు చేశారు. మొదటిసారి తట్టుకున్న కుక్కకు కొన్ని వారాల తర్వాత చాలా తక్కువ మోతాదు ఇచ్చినా అది నిమిషాల్లో చనిపోయింది. 1902లో వారు దీనికి "అనఫిలాక్సిస్" అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. మనకు ఇందులో ఒక పాఠం ఉంది. "పోయినసారి పెదవి కొంచెమే వాచింది, ఈసారీ అంతేలే" అని అనుకోకూడదు. రెండోసారి మొదటిసారి కంటే తీవ్రంగా రావచ్చు.

మన ప్రాంతంలో కారణాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు చెనక్కాయ పండే నేల. చట్నీలో, పొడిలో, ఉగ్గాణి మీద, చిక్కీలో మనకు చెనక్కాయ లేని రోజు ఉండదు. ఎక్కువమందికి ఇది బలమైన, చౌకైన ఆహారం. కానీ కొద్దిమందికి పడదు. పడనివారికి ఒక్క గింజ కూడా ఎక్కువే. చట్నీ గరిటెను కూరలో పెట్టినా చాలు. ఇలాగే కోడిగుడ్డు, పాలు, చేపలు, రొయ్యలు, గోధుమ, జీడిపప్పు వంటివి కొందరికి పడవు. ఆహారం వల్ల వచ్చే అలర్జీ సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటల లోపు బయటపడుతుంది. కాబట్టి వాపు రాగానే "గడచిన రెండు గంటల్లో ఏం తిన్నావు?" అని అడగాలి.

రెండవది తేనెటీగలు, కందిరీగలు. కొండరాళ్ళకు, పాత కట్టడాలకు, పెద్ద మర్రిచెట్లకు తేనెతుట్టెలు పట్టడం మామూలే. పెనుకొండ కోటకో, లేపాక్షికో విహారయాత్రకు వెళ్ళినప్పుడు తుట్టె కనిపిస్తే రాళ్ళు వేయకూడదు, దాని కింద పొగ పెట్టకూడదు. కుట్టిన చోట మాత్రమే వాస్తే అది మామూలు. చేతి మీద కుడితే పెదవులు, కళ్ళు వాస్తే అది అలర్జీ. ఒకేసారి పదుల కొద్దీ కుడితే అలర్జీ లేనివారికి కూడా విషం వల్ల ప్రమాదమే. వారిని తప్పక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మూడవది మందులు. పెన్సిలిన్ జాతి మందులు, సల్ఫా మందులు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొందరికి పడవు. తలనొప్పి వచ్చిందని అంగట్లో మాత్ర కొని వేసుకోవడం మనకు అలవాటు. ఏ మాత్ర వేసుకున్నామో దాని పేరు తెలిసి ఉండాలి. అట్ట పారేయకుండా దాచుకోవాలి.

నాలుగవది మన ఇంట్లో అవ్వకో, తాతకో సంబంధించినది. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ అనే బీపీ మాత్రలు చాలామంది వాడతారు. పేరు చివర "ప్రిల్" అని ఉంటుంది కనుక గుర్తుపట్టడం సులభం. ఇవి మంచి మందులే. అయితే వాడేవారిలో కొద్దిమందికి, వెయ్యికి ఒకరు మొదలుకొని ఏడుగురి వరకు, పెదవులు, నాలుక వాయవచ్చు. మొదటి వారంలోనే రావాలని లేదు, ఏళ్ళ తరబడి వాడిన తర్వాత కూడా రావచ్చు. అందువల్లనే చాలామందికి ఆ మాత్ర మీద అనుమానం రాదు. అలా వాపు వస్తే తరువాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి, ఆ మాత్ర అట్ట డాక్టరుకు చూపించాలి. వాపు లేనివారు మాత్రం ఇది చదివి తమంతట తాము మాత్రలు ఆపకూడదు.

ఈ మాత్రల వెనుక ఒక విచిత్రం ఉంది. బ్రెజిల్ దేశంలో 1949లో రోచా ఎ సిల్వా, ఆయన సహచరులు జరరాకా అనే పాము విషాన్ని పరిశోధిస్తూ బ్రాడికైనిన్‌ను కనుగొన్నారు. ఆ పాము విషం మీద జరిగిన పరిశోధనల నుండే తర్వాత "ప్రిల్" మాత్రలు పుట్టాయి. ఇవి బ్రాడికైనిన్‌ను విరగగొట్టే ఎంజైమును కూడా ఆపుతాయి. కొందరిలో అది పేరుకుపోయి వాపు వస్తుంది.

ఐదవది వంశపారంపర్య రకం. ఇది సుమారు 50,000 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. చిన్న దెబ్బ, పన్ను పీకడం, పరీక్షల ఒత్తిడి, నెలసరి వంటివి వాపును రేపవచ్చు. మాటిమాటికీ దురద లేని వాపు రావడం, కారణం తెలియని కడుపునొప్పి రావడం, ఇంట్లో మరొకరికి కూడా అలాగే ఉండడం దీని గుర్తులు. ఇలాంటివారు పెద్ద ఆసుపత్రిలో సీ4, సీ1 ఇన్హిబిటర్ అనే రక్తపరీక్షలు చేయించుకోవాలి. దీనికి ప్రత్యేకమైన మందులు ఉన్నాయి. అవి దొరకని చోట ప్లాస్మా ఎక్కించి ప్రాణం కాపాడతారు. ఇది గాలి, ధూళి సోకడం కాదు, ఎవరి పాపమూ కాదు. ఒక ప్రోటీన్ లోపం మాత్రమే.

అన్ని వాపులూ ఇవే కావు

● ఉదయం లేవగానే రెండు కనురెప్పలూ ఉబ్బి, మూత్రం తగ్గి లేదా ముదురు రంగులో వస్తే – మూత్రపిండాల జబ్బు కావచ్చు.
● చెవి కింద, దవడ దగ్గర నొప్పితో వాపు, జ్వరం ఉంటే – గవదబిళ్ళలు కావచ్చు.
● ఒక పక్క బుగ్గ వాచి పన్ను పోటు ఉంటే – పంటిలో చీము.
● పొలంలో కాలికో చేతికో ఒక్కసారిగా వాపు, నొప్పి, కాట్లు కనిపిస్తే – పాముకాటు. క్షణం ఆలస్యం చేయకూడదు.
● ముఖం, మెడ మీద దురద, పొరలు లేచిన చర్మం ఉంటే – వయ్యారిభామ మొక్క పడకపోవడం కావచ్చు.
● ఏళ్ళ తరబడి కాలు లావెక్కితే – బోదకాలు. దాని మందు డైఇథైల్ కార్బమజైన్ మన తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి ఫలితమని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

ప్రమాద సూచనలు

కింది వాటిలో ఒక్కటి ఉన్నా అది అత్యవసరం:
1. నాలుక లేదా గొంతు వాయడం, గొంతు పట్టేసినట్టు ఉండడం
2. గొంతు బొంగురుపోవడం, మాట ముద్దగా రావడం
3. ఉమ్మి మింగలేక నోటి నుండి కారడం
4. ఊపిరి తీసుకునేటప్పుడు శబ్దం, పిల్లికూతలు, ఎగశ్వాస
5. కళ్ళు తిరగడం, చల్లని చెమట, స్పృహ తప్పడం
6. దద్దుర్లతో పాటు ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి
7. వాపు నిమిష నిమిషానికీ పెరగడం

మనం చేయవలసినవి

మొదట వార్డెన్ గారిని, లేకపోతే వాచ్‌మన్‌ను లేపాలి. తిడతారేమోనని వెనుకాడకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. మన రాష్ట్రంలో ఈ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. ఫోనులో ఊరు, మండలం, హాస్టల్ పేరు, దగ్గరలోని గుడి లేదా బస్టాండు గుర్తు చెప్పాలి. "అలర్జీ వచ్చింది, గొంతు వాచింది, ఊపిరి ఆడడం లేదు" అని స్పష్టంగా చెప్పాలి. బండి వచ్చేవరకు ఒకరు రోడ్డు మీద నిలబడి చేయి చూపాలి.

108 బండి ఆలస్యమయ్యేటట్టు ఉంటే ఆటో అయినా, కారు అయినా చూసుకుని అడ్రినలిన్ ఇంజక్షన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి బయలుదేరాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు చోట్లా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. లేపాక్షి నుండి హిందూపురం సుమారు 15 కిలోమీటర్లు. దారిలో గొంతు మూసుకుపోవడానికి ఆ సమయం చాలు. కాబట్టి దారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తెరిచి ఉంటే ముందు అక్కడ సూది వేయించి తర్వాత కదలడం మేలు.

రోగిని ఎలా ఉంచాలి? ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. కళ్ళు తిరుగుతుంటే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టి ఎత్తులో ఉంచాలి. స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. హఠాత్తుగా లేపి నిలబెట్టకూడదు, నడిపించకూడదు. తేనెటీగ ముల్లు ఉంటే గోటితో గీకి వెంటనే తీసేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ విషం ఎక్కువ దిగుతుంది. వేళ్ళకు ఉంగరాలు, చేతికి గట్టి గాజులు, కడియాలు ఉంటే ముందే తీసేయాలి.

ఒక్క కనురెప్పో పెదవో కొద్దిగా వాచి, దురద ఉండి, పై ప్రమాద సూచనలు ఏవీ లేకపోతే ఏఎన్ఎం అక్క సలహాతో సిట్రిజిన్ వంటి మాత్ర సరిపోవచ్చు. అయినా కొన్ని గంటలు ఒంటరిగా వదలకూడదు, ఆ రాత్రి పక్కన ఒకరు మేలుకుని ఉండాలి.

చేయకూడనివి

● గొంతు వాచినవారికి నీళ్ళు, పాలు, కషాయం, మాత్రలు నోటి ద్వారా ఇవ్వకూడదు. ఊపిరి గొట్టంలోకి పోతాయి.
● కంబళి కప్పి ఉక్కపోయించకూడదు. వేడికి దద్దుర్లు ఇంకా పెరుగుతాయి.
● పసర్లు, మంత్రాలు, తాయెత్తుల కోసం సమయం పోగొట్టకూడదు.
● బలవంతంగా వాంతి చేయించకూడదు.
● "ఒక సూది పడింది కదా" అని ఇంటికి పంపించకూడదు. తగ్గిన కొన్ని గంటల తర్వాత అలర్జీ మళ్ళీ తిరగబడవచ్చు. డాక్టరు చెప్పినంతసేపు ఆసుపత్రిలోనే ఉండాలి.

అడ్రినలిన్ – అసలైన మందు

పల్లెల్లో అలర్జీ అనగానే "అవిల్, డెకడ్రాన్ వేయండి" అంటారు. అవిల్ దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది. డెకడ్రాన్ పనిచేయడానికి గంటలు పడుతుంది. మూసుకుపోతున్న గొంతును ఈ రెండూ సమయానికి తెరవలేవు. తీవ్రమైన అలర్జీకి మొదటి మందు అడ్రినలిన్. మన మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు దీనిని తయారుచేస్తాయని జీవశాస్త్రంలో చదువుకున్నాం. దీనిని శుద్ధరూపంలో వేరుచేసినట్టు 1901లో ప్రకటించినవాడు జపాన్ శాస్త్రవేత్త జోకిచి టకమినే. ఇది కారుతున్న రక్తనాళాలను బిగిస్తుంది, శ్వాసనాళాలను విప్పుతుంది, గుండెకు బలమిస్తుంది. మూడు పనులూ నిమిషాల్లో జరుగుతాయి.

దీనిని తొడ బయటి పక్క మధ్యభాగంలో కండలోకి ఇస్తారు. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, పెద్దలకైనా ఒకసారికి 0.5 మిల్లీగ్రాము మించదు. తగ్గకపోతే 5 నిమిషాల తర్వాత మళ్ళీ ఇస్తారు. ఇది తెలిసినవారు వేయవలసిన సూది, మనం ప్రయోగం చేయరాదు. కానీ "సార్, అడ్రినలిన్ ఉందా?" అని అడగడం మన చేతిలో ఉంది. 2021లో కోవిడ్ టీకా వేశాక అందరినీ అరగంట కూర్చోబెట్టింది కూడా ఇలాంటి అలర్జీని కనిపెట్టడానికే. బ్రాడికైనిన్ రకం వాపుకు అడ్రినలిన్ పెద్దగా పనిచేయకపోవచ్చు. కానీ ఏ రకమో తేలేవరకు ఆగకుండా డాక్టర్లు దానిని ఇస్తారు, అవసరమైతే గొంతులోకి గొట్టం వేసి ఊపిరి దారి కాపాడతారు. అందుకే చేరవలసింది ఆసుపత్రికే.

హాస్టల్లో మనం చేసుకోవలసిన ఏర్పాట్లు

మనలో చాలామంది "నాకిది పడదు" అని చెప్పడానికి సిగ్గుపడతారు. "పెట్టింది తినక వంకలు పెడుతున్నాడు" అంటారేమోనని భయం. పడకపోవడం గారాబం కాదు, శరీర లక్షణం. తోటివారు కూడా పందెం కోసమో, సరదాకో పడని వస్తువు తినిపించరాదు.

1. చేరిన మొదటి వారంలోనే ఎవరికి ఏ ఆహారం, ఏ మందు పడదో ఒక పుస్తకంలో రాయాలి.
2. ఆ జాబితా వంటగదిలో కూడా ఒకటి అంటించాలి. చెనక్కాయ వంటకాలకు గరిటె వేరుగా ఉంచాలి.
3. 108, దగ్గరి ఆసుపత్రి, ఏఎన్ఎం అక్క ఫోను నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి.
4. అలర్జీ ఉన్న విద్యార్థి జేబులో ఆ వివరం రాసిన చీటీ ఉండాలి. పక్క చాపవారికీ ఆ సంగతి తెలియాలి.
5. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వతాతల బీపీ మాత్రల పేర్లు ఒకసారి చదవాలి.

మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి

1. దద్దుర్లకు, యాంజియోఎడీమాకు తేడా ఏమిటి?
2. దురద లేని వాపుకు కారణమయ్యే రసాయనం ఏది?
3. మీ స్నేహితుడు చిక్కీ తిన్న పది నిమిషాలకు పెదవులు వాచి, గొంతు బొంగురుపోయింది. మీరు వరుసగా చేసే మూడు పనులు రాయండి.
4. గొంతు వాచినవారికి నీళ్ళు ఎందుకు ఇవ్వకూడదు?
5. మీ గదిలో ఎవరికి ఏది పడదో మీకు తెలుసా?

మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి. ఐదో ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. ఈ రోజు రాత్రి భోజనాల దగ్గర ఒకరినొకరు అడిగి తెలుసుకోండి.